పారిశుద్ధ్యమే ప్రాణరక్షణ

ఉత్తర, మధ్య అండమాన్ జిల్లా కేంద్రమైన మాయాబందర్, ద్వీపసముదాయ రాజధానికి రోడ్డు మార్గాన సుమారు 240 కిలోమీటర్ల దూరంలో ఉంది. 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఈ పట్టణం చేరుకోవాలంటే జరావా ఆదిమజాతి అభయారణ్యం గుండా, అధికారులు నిర్ణయించిన వేళల్లో మాత్రమే, పోలీసు రక్షణతో సాగే వాహన శ్రేణిలో ప్రయాణించాలి. సముద్రపు పాయలు దాటాలి. పగలంతా ప్రయాణంలోనే గడిచిపోతుంది. ఇంత దూరాన ఉన్న పట్టణంలోని ఒక వసతి గృహంలో అర్ధరాత్రి మంటలు లేచినా, ఒక హోటల్ నీటితొట్టి కలుషితమై పాతిక మంది మంచాన పడినా, రాజధాని నుంచి అదనపు సహాయం వచ్చేవరకు ప్రాణాలు ఆగుతాయనుకోవడం అత్యాశ. స్థానికంగా ఉన్న ఆస్పత్రి, స్థానికంగా ఉన్న అగ్నిమాపక సిబ్బంది, అన్నిటికంటే ముందుగా ఆ భవనంలో పనిచేసే మనుషులు, వారే దిక్కు. హోటళ్ళు, విడిది గృహాలు, బస్సు నిలయాలు, రేవు విశ్రాంతి మందిరాల వంటి ప్రజోపయోగ స్థలాల్లో పరిశుభ్రత, నిర్వహణ, భద్రత అనే మూడు అంశాలను కలిపి ఆలోచించవలసిన ఆవశ్యకతను ఈ మారుమూల పట్టణం స్పష్టంగా తెలియజేస్తున్నది.

మాయాబందర్ చరిత్ర కలపతో ముడిపడినది. బ్రిటిష్ పాలకులు అటవీ పనుల కోసం బర్మా నుంచి కరెన్ తెగవారిని 1925లో తీసుకువచ్చి వేబీ ప్రాంతంలో స్థిరపరిచారు. సుప్రీంకోర్టు 2002లో ఇచ్చిన ఉత్తర్వులతో దీవుల్లో అడవుల నరికివేతకు కళ్ళెం పడింది. కలప ఆదాయం కుంచించుకుపోయిన ప్రాంతానికి పర్యాటకం సహజంగానే ప్రత్యామ్నాయంగా కనిపిస్తుంది. తాబేళ్ళు గుడ్లు పెట్టే కర్మాటాంగ్ తీరం, సమీపంలోని ఏవిస్ ద్వీపం, ఆస్టిన్ జలసంధిపై చెంగప్ప వంతెన దాటితే డిగ్లీపూర్ దారి, ఇవన్నీ యాత్రికులను ఉత్తరానికి రప్పించేవే. రాజధాని విమానాశ్రయంలో ఏటా సుమారు 50 లక్షల మంది ప్రయాణికులకు సరిపోయే కొత్త టెర్మినల్‌ను ప్రధానమంత్రి 2023 జూలై 18న ప్రారంభించారు. అక్కడ దిగేవారిలో కొద్ది శాతం ఉత్తరం వైపు మళ్ళినా, చిన్న లాడ్జీలు, ఇళ్ళలోనే గదులు అద్దెకిచ్చే హోంస్టేలు పెరగక తప్పదు.

ఇది తెలుగువారికి సంబంధం లేని దూరదేశపు ముచ్చట కాదు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో ప్రతి వంద మందిలో సుమారు 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి తరతరాలుగా వలస వెళ్ళిన కుటుంబాలవి. విశాఖపట్నం రేవు నుంచి ఆ దీవులకు ఓడ ప్రయాణం దశాబ్దాలుగా ఉన్నదే. అక్కడి వసతి గృహాల్లో బస చేసే యాత్రికుల్లోనూ, గదులు ఊడ్చి వంటపాత్రలు తోమే కార్మికుల్లోనూ మనవారు ఉంటారు. అంతకుమించి, మాయాబందర్‌కు వర్తించే పాఠం మన్యంలోని అరకు లోయకూ, కృష్ణాతీరంలోని శ్రీశైలానికీ, శేషాచలం కొండలకూ సమానంగా వర్తిస్తుంది.

మూసివున్న తలుపులు

హోటల్ అనగానే మనకు తోచే పరిశుభ్రత కంటికి కనిపించేది. ముందు గదిలో మెరిసే చలువరాయి, మంచంపై తెల్లని దుప్పటి, స్నానాల గదిలో సువాసన. ప్రాణాలు తీసేవి మాత్రం కంటికి కనిపించని చోట్ల దాగివుంటాయి. పైన పటారం, లోన లొటారం అన్న సామెత మన వసతి గృహాల విషయంలో అనేక పర్యాయాలు నిజమైంది.

2020 ఆగస్టు 9 తెల్లవారుజామున విజయవాడలో కోవిడ్ చికిత్సా కేంద్రంగా మార్చిన స్వర్ణ ప్యాలెస్ హోటల్‌లో చెలరేగిన మంటల్లో పది మంది మరణించారు. రోగుల కోసం హోటల్‌ను తీసుకున్నవారు గదులు, పడకలు లెక్కపెట్టుకున్నారేగాని, పొగ కమ్మితే నడవలేని రోగి ఏ దారిన బయటపడాలో ఆలోచించలేదని ఆ దుర్ఘటన రుజువు చేసింది. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లోని రూబీ హోటల్ భవనంలో కింది భాగాన ఉన్న విద్యుత్ స్కూటర్ల విక్రయశాలలో నిప్పు పుట్టింది. పొగ మెట్ల మార్గం గుండా పైఅంతస్తులకు ఎగబాకింది. పై గదుల్లో బస చేసినవారిలో ఎనిమిది మంది ప్రాణాలు కోల్పోయారు. ఢిల్లీ కరోల్‌బాగ్‌లోని హోటల్ అర్పిత్ ప్యాలెస్‌లో 2019 ఫిబ్రవరి 12న 17 మంది, కోల్‌కతాలోని రితురాజ్ హోటల్‌లో 2025 ఏప్రిల్ 29న 14 మంది ఇదే విధంగా బలి అయ్యారు.

ఈ దుర్ఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక పోలిక కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. ఇటువంటి చోట్ల మంటలకంటె పొగే ఎక్కువ మందిని చంపుతుంది. నిద్రలో ఉన్న అతిథికి తాను ఏ అంతస్తులో ఉన్నాడో, మెట్లు ఏ వైపున ఉన్నాయో గుర్తుకురాదు. చీకటిలో, పొగలో తడుముకుంటూ వెళ్ళి తలుపు తోస్తే అది తాళం వేసి ఉంటుంది. లేదా ఉతకవలసిన దుప్పట్లు, విరిగిన కుర్చీలు, ఖాళీ గ్యాస్ సిలిండర్లు మెట్ల మీద అడ్డుగా పేర్చి ఉంటాయి. ఇది అగ్నిమాపక శాఖ చక్కదిద్దగల లోపం కాదు. ప్రతిరోజూ ఆ మెట్లను ఊడ్చే మనిషికి తెలిసిన లోపం. ఆ మెట్ల మీద సామాను పెట్టరాదని ఆ మనిషికి ఎవరో చెప్పి ఉండాలి, పెట్టమని యజమాని ఆదేశించినప్పుడు కాదనగల ధైర్యం ఆ మనిషికి ఉండాలి. గదులు సర్దే పనిని కేవలం చాకిరీగా భావించినంతకాలం ఈ రెండూ సాధ్యం కావు.

మాయాబందర్ వంటి చోట ఈ ప్రమాదం మరింత తీవ్రం. దీవుల్లో కలప, రేకులతో కట్టిన పాత ఇళ్ళు అనేకం. వాటిలో కొన్ని అతిథుల గదులుగా మారడం సహజం. విద్యుత్తు ప్రధానంగా డీజిల్ ఉత్పాదక యంత్రాల మీద ఆధారపడినది కనుక, కరెంటు పోయినప్పుడు నడిపేందుకు వసతి గృహాలు సొంత జనరేటరు పెట్టుకుంటాయి. ఆ జనరేటరును కిటికీ పక్కన గాని, మెట్ల కింద గాని పెడితే వెలువడే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో ఒక విడిది గృహంలో తలుపులు, కిటికీలు బిగించుకుని గ్యాస్ హీటరు వెలిగించుకున్న కేరళ యాత్రికులు ఎనిమిది మంది నిద్రలోనే కన్నుమూశారు. వారిలో నలుగురు పిల్లలు. హీటరు చలిదేశానిదే కావచ్చు, కాని గాలి ఆడని స్నానాల గదుల్లో గ్యాస్ గీజర్లు బిగించడం మన ఊళ్ళలోనూ ఉన్నదే. అక్కడ చంపేదీ ఆ వాయువే.

నీరు, ఎలుక, రోగం

దీవుల్లో సాలీనా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అయినా నేల వాలు ఎక్కువ కావడం వల్ల, నిల్వ వసతులు చాలకపోవడం వల్ల వానలు వెనుకబట్టిన కొద్ది నెలల్లోనే మంచినీటికి కటకట ఏర్పడుతుంది. యాత్రికుల రద్దీ కూడా సరిగ్గా ఆ పొడి నెలల్లోనే ఎక్కువ. నీరు అరుదైనప్పుడు మొదట తగ్గేది కడుగుడు. గచ్చు మీద నీళ్ళు తగ్గుతాయి, పాత్రలు తోమే నీటిని రెండుసార్లు వాడతారు, ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డిని కదిపి మరీ తోడుతారు. అందుకే నీటి నాణ్యతను పరీక్షించవలసిన అవసరం ఎండలు ముదిరే నెలల్లోనే ఎక్కువ.

ఈ పరీక్ష కష్టసాధ్యం కాదు. తాగునీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలివుండాలని భారత ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. రంగు మారే ద్రావకం రెండు చుక్కలు వేసి నిమిషంలో తేల్చుకోవచ్చు. ఇక్కడ దీవులకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉన్నది. తాజా బ్లీచింగ్ పౌడరులో మూడోవంతు దాకా క్లోరిన్ ఉంటుంది. తేమగాలి తగిలేకొద్దీ అది హరించుకుపోతుంది. మూత సరిగా లేని డబ్బాలో, సముద్రపు తేమ నిండిన గదిలో నెలల తరబడి పడివున్న పౌడరును ఎంత చల్లినా అది సున్నపు పిండితో సమానం. చల్లినట్లు రిజిస్టరులో రాతకోతలు ఉంటాయి, నీటిలో క్లోరిన్ ఉండదు. ఓడమీద తెచ్చుకోవలసిన సరుకు కనుక ఒకేసారి ఎక్కువ తెచ్చి నిల్వ చేసుకోవడం దీవుల్లో పరిపాటి. తెచ్చిన తేదీ డబ్బా మీద రాయించి, మిగులు క్లోరిన్‌ను రోజూ కొలిపిస్తే తప్ప ఈ మోసం బయటపడదు.

ఉత్తర అండమాన్‌కు అపరిశుభ్రత ఎంత ప్రాణాంతకమో కొత్తగా బోధించనక్కరలేదు. 1988 ప్రాంతం నుంచి డిగ్లీపూర్ పరిసరాల్లో వానల తరువాత అంతుచిక్కని జ్వరం ప్రబలింది. ఊపిరితిత్తుల్లో రక్తస్రావమై మనుషులు మరణించారు. అండమాన్ రక్తస్రావ జ్వరంగా దానికి పేరు పడింది. పోర్ట్‌బ్లెయిర్‌లోని భారత వైద్య పరిశోధన మండలి ప్రాంతీయ కేంద్రం శాస్త్రవేత్తలు 1990 దశకంలో దాని గుట్టు విప్పారు. అది లెప్టోస్పైరోసిస్, ఎలుకల వంటి జంతువుల మూత్రం కలిసిన నీటి ద్వారా, బురద ద్వారా చర్మపు గాట్ల నుంచి శరీరంలోకి ప్రవేశించే వ్యాధి. ఎక్కువగా పొలాల్లో పనిచేసేవారిని పీడించే రోగమే అయినా, ఎలుకకు పొలమూ హోటల్ పెరడూ ఒకటే. వంటింటి చెత్త రాత్రంతా బయట పడివుంటే ఎలుక వస్తుంది. మురుగు కాలువ పొంగితే దాని మూత్రం వాకిట్లోకి వస్తుంది. ఉత్తకాళ్ళతో ఆ వాకిలి కడిగే పనిమనిషే మొదటి రోగి అవుతుంది. చెత్తకుండీకి మూత, పనివారికి రబ్బరు బూట్లు, ఇవి లేని హోటల్‌లో గదులకు ఎన్ని నక్షత్రాలు తగిలించినా ప్రయోజనం లేదు.

పెద్ద హోటళ్ళకూ మినహాయింపు లేదని 1976లోనే ప్రపంచానికి తెలిసివచ్చింది. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో బెలెవ్యూ స్ట్రాట్‌ఫర్డ్ హోటల్‌లో జరిగిన మాజీ సైనికుల మహాసభకు వెళ్ళినవారిలో అనేకులు వింత న్యుమోనియాకు గురయ్యారు. సుమారు 30 మంది మరణించారు. అంతవరకు గుర్తింపునకు రాని ఒక సూక్ష్మజీవి అందుకు కారణమని మరుసటి ఏడాది తేలింది. లీజియనెల్లా అనే ఆ సూక్ష్మజీవి గోరువెచ్చని నిల్వ నీటిలో, శీతలీకరణ యంత్రాల తొట్లలో పెరిగి, నీటి తుంపరల ద్వారా ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. సీజను కాని నెలల్లో గదులు మూసివుంచి, యాత్రికులు రాగానే కొళాయిలు తిప్పే వసతి గృహాలు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి. అతిథిని దింపే ముందు ప్రతి కొళాయినీ, ప్రతి షవరునూ కొద్ది నిమిషాలు వదిలి పాత నీటిని పారబోయడం ఖర్చులేని జాగ్రత్త.

ఊడ్చేవారి ప్రాణం

పరిశుభ్రత గురించి మాట్లాడేవారు తరచుగా అతిథి ఆరోగ్యం గురించే మాట్లాడతారు. శుభ్రపరిచే మనిషి ప్రాణం లెక్కలోకి రాదు. మరుగుదొడ్డి కడిగే ఆమ్లాన్ని, బ్లీచింగ్ ద్రావణాన్ని కలిపితే మరింత తెల్లబడుతుందన్న అపోహతో కలిపే పనివారు ఉన్నారు. అలా కలిపినప్పుడు వెలువడేది విషపూరితమైన క్లోరిన్ వాయువు. చిన్న స్నానాల గదిలో, మూసిన తలుపు వెనుక, అది ఊపిరాడనీయదు. సీసాల మీద హెచ్చరికలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటాయి. కడిగే మనిషికి వచ్చింది తెలుగో, బెంగాలీయో, తమిళమో కావచ్చు. ఇన్ని భాషలవారు కలిసి పనిచేసే దీవుల్లో బొమ్మతో, రంగుతో, మాటతో నేర్పని జాగ్రత్త, జాగ్రత్త కాదు.

అంతకంటె ఘోరమైనది మరుగు ట్యాంకు. 2019 జూన్‌లో గుజరాత్‌లోని వడోదర జిల్లా ఫర్తికుయి గ్రామంలో ఒక హోటల్ సెప్టిక్ ట్యాంకులోకి దిగి ఏడుగురు మరణించారు. వారిలో నలుగురు పారిశుద్ధ్య కార్మికులు, తక్కిన ముగ్గురు ఆ హోటల్ ఉద్యోగులు. మొదట దిగిన మనిషి పైకి రాకపోతే వెతకడానికి ఒకరి వెనుక ఒకరు దిగారు. 2018 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లా పలమనేరు సమీపంలో ఒక కోళ్ళ పరిశ్రమ వ్యర్థాల ట్యాంకులో ఏడుగురు కార్మికులు ఇదే రీతిన ప్రాణాలు వదిలారు. రక్షణ లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపడాన్ని నిషేధిస్తూ పార్లమెంటు 2013లోనే చట్టం చేసింది. మృతుల కుటుంబాలకు పది లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని 2014లో ఆదేశించిన సుప్రీంకోర్టు, 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. పరిహారం పెరిగిందేగాని దింపడం ఆగలేదు. మురుగు తోడే యంత్రం ఉన్న నగరాల్లోనే ఈ గతి పడితే, యంత్రం ఎప్పుడు వస్తుందో తెలియని దీవి పట్టణంలో ట్యాంకు నిండినప్పుడు యజమాని ఎవరిని పిలుస్తాడన్నది జిల్లా యంత్రాంగం ముందుగానే వేసుకోవలసిన ప్రశ్న.

చట్టాలకు కొదువలేదు

హోటళ్ళ పరిశుభ్రతపై ప్రభుత్వానికి శ్రద్ధ కలగడం నిన్న మొన్నటి విషయం కాదు. 1867 నాటి సరాయిల చట్టం, సత్రం నిర్వాహకుడు గదులు, వరండాలు, కాలువలు, బావులు మేజిస్ట్రేటుకు తృప్తి కలిగేలా శుభ్రం చేయించాలని, తనిఖీకి వచ్చినప్పుడు లోపలికి అనుమతించాలని ఆదేశించింది. ఉల్లంఘిస్తే 20 రూపాయల దాకా జరిమానా. ఆ తరువాత ఒకటిన్నర శతాబ్దంలో చట్టాలు గుట్టలుగా పెరిగాయి. 2006లో చేసిన ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2011 ఆగస్టు నుంచి అమలులోకి వచ్చింది. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి నాలుగో భాగం అగ్ని భద్రతను సవివరంగా చర్చించింది. అయితే ఆ నియమావళి తనంతట తానుగా చట్టం కాదు. రాష్ట్రాలు, స్థానిక సంస్థలు తమ నిబంధనల్లో చేర్చుకున్న మేరకే దానికి బలం. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి తెచ్చిన నాలుగు కార్మిక స్మృతుల్లో వృత్తి భద్రత, ఆరోగ్యం గురించిన స్మృతి సాధారణంగా పదిమంది అంతకుమించి పనివారున్న సంస్థలకు వర్తిస్తుంది. నలుగురైదుగురు పనివారితో నడిచే లాడ్జీ, ఇంటివారే నడిపే హోంస్టే ఆ గీత బయటే మిగిలిపోతాయి. మాయాబందర్ వంటి చోట రాబోయే వసతి గృహాల్లో అత్యధికం ఈ కోవలోనివే.

చట్టం చేరని చోట పాలనాదక్షత చేరగలదనడానికి సూరత్ నిదర్శనం. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాది ప్రజలు ఆ నగరాన్ని విడిచి పారిపోయారు. 1995లో మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్.రావు కొత్త చట్టాలకోసం ఎదురుచూడలేదు. అధికారులు చల్లని గదులు వదిలి ప్రతిరోజూ వీధుల్లో తిరగాలని నిర్దేశించారు. హోటళ్ళ, తినుబండారాల దుకాణాల అపరిశుభ్రతపై పెద్దచిన్న తారతమ్యం లేకుండా చర్యలు తీసుకున్నారు. కొద్దికాలంలోనే సూరత్ దేశంలోని పరిశుభ్ర నగరాల సరసన చేరింది. మురికి కూపంగా పేరుపడిన నగరానికి సాధ్యమైనది, లక్షా అయిదు వేల జనాభాతో 2011లో లెక్కతేలిన ఒక చిన్న జిల్లాకు అసాధ్యమేమీ కాదు.

ఖర్చు ఎవరు భరించాలి?

చిన్న లాడ్జీల యజమానులు లేవనెత్తే ప్రశ్న సహేతుకమైనదే. గదికి వెయ్యి రూపాయలు రాని చోట స్వయంచాలక నీటి జల్లు పరికరాలు, ధూమ సూచికలు ఎక్కడినుంచి తేవాలని వారు అడుగుతారు. సరుకంతా ఓడమీద రావలసిన దీవుల్లో ఖర్చు మరీ ఎక్కువ. రోజుకు 7,500 రూపాయల లోపు అద్దె గదులపై జి.ఎస్.టి.ని 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. అయితే కొనుగోళ్ళపై చెల్లించిన పన్నును మినహాయించుకునే వెసులుబాటును తొలగించారు. అంటే అగ్నిమాపక పరికరం కొన్నా, రబ్బరు బూట్లు కొన్నా, దానిపై కట్టిన పన్ను యజమాని నెత్తినే పడుతుంది. అతిథికి అద్దె తగ్గించిన ప్రభుత్వం, అతిథి ప్రాణరక్షణకు కొన్న సామగ్రిపై పన్నును యజమాని మీద వదిలేయడం విజ్ఞత అనిపించుకోదు. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో 50 పర్యాటక కేంద్రాల అభివృద్ధిని ప్రకటించి, హోంస్టేలకు ముద్రా రుణాలు ఇస్తామని ఆర్థికమంత్రి చెప్పారు. ఆ రుణాల మంజూరుకు గదుల సంఖ్యతోపాటు రెండో దారి, విద్యుత్ తీగల భద్రత, మరుగు ట్యాంకు నిర్మాణాన్ని కూడా షరతులుగా చేర్చి, ఆ పనులకు అయ్యే ఖర్చును రుణంలో కలిపితే, కట్టిన తరువాత కూల్చే శ్రమ తప్పుతుంది.

అయితే ఖర్చు వాదాన్ని పూర్తిగా అంగీకరించడం కూడా సాధ్యం కాదు. ప్రాణాలు కాపాడే జాగ్రత్తల్లో అత్యధికం డబ్బుతో పనిలేనివి. రెండో మెట్లదారికి తాళం తీసివుంచడానికి ఖర్చు లేదు. మెట్ల మీద సామాను లేకుండా చూడడానికి ఖర్చు లేదు. జనరేటరును కిటికీకి దూరంగా జరపడానికి, రెండు రసాయనాలను రెండు వేర్వేరు అరల్లో ఉంచడానికి ఖర్చు లేదు. తడిచేత్తో గీజరు మీట ముట్టుకున్న అతిథిని కాపాడే పరికరం, 30 మిల్లీఆంపియర్ల లీకేజీని పసిగట్టి విద్యుత్తును తెంచేది, ఒక్క మంచం, పరుపు ఖరీదును మించదు.

దీవులకు మరో హెచ్చరిక ప్రత్యేకం. దేశంలో భూకంప ప్రమాదం అత్యధికంగా ఉన్న ప్రాంతాల్లో ఇవి చేరినవి. 2002 సెప్టెంబరులో డిగ్లీపూర్ పరిసరాలు కంపించాయి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ దీవుల్లో మిగిల్చిన విషాదం మరపురానిది. ఆ తరువాత 2007లో హైదరాబాద్‌లోని జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రంలో సునామీ హెచ్చరిక వ్యవస్థ ఏర్పడింది. అయినా భూకంప కేంద్రానికి సమీపాన ఉన్న తీరానికి ఆ కంపనమే మొదటి హెచ్చరిక. గట్టిగా భూమి కంపిస్తే సైరన్ కోసం వేచివుండక మెరకకు పరుగెత్తాలన్న సంగతి నిన్ననే విమానం దిగిన యాత్రికుడికి తెలియదు. గది తలుపు వెనుక దారి చూపే ఒక చిత్రపటం, గది చూపించేటప్పుడు పనివాడు చెప్పే రెండు మాటలు అతని ప్రాణాన్ని నిలబెట్టగలవు.

చేయవలసినవి

జిల్లా యంత్రాంగం మొదట చేయవలసినది, వసతి గృహం పెద్దదైనా చిన్నదైనా, ప్రభుత్వ విడిది గృహమైనా ప్రైవేటు లాడ్జీ అయినా, ఒకే తనిఖీ పత్రాన్ని వర్తింపజేయడం. ప్రభుత్వ భవనాలకు మినహాయింపు ఇచ్చి ప్రైవేటువారిని దండిస్తే ఎవరూ లెక్కచేయరు. ఆహార భద్రత, అగ్నిమాపకం, విద్యుత్తు, పంచాయతీ శాఖలవారు వేర్వేరు రోజుల్లో వేర్వేరు కాగితాలతో వెళ్ళేబదులు, యాత్రికుల సీజను ఆరంభానికి ముందు ఒకసారి, ఎండలు ముదరకముందు మరొకసారి కలిసి వెళ్ళాలి. ఫలితాన్ని కార్యాలయపు బీరువాలో దాచక, హోటల్ గుమ్మం మీద ఆయా భాషల్లో అతికించాలి. తనిఖీకి వెళ్ళినవారు యజమానితో ముచ్చటించి కాఫీ తాగి రావడం కాక, గదులు ఊడ్చే మనిషిని పిలిచి రెండో దారి ఎక్కడని, తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదని అడగాలి. ఆ మనిషి జవాబు చెప్పగలిగితే ఆ హోటల్ సగం భద్రమైనట్లే.

రెండోది శిక్షణ. పట్టణంలో 1990లో నెలకొన్న మహాత్మా గాంధీ ప్రభుత్వ కళాశాల ఉన్నది. జిల్లా ఆస్పత్రిగా డాక్టర్ రాజేంద్రప్రసాద్ ఆస్పత్రి ఉన్నది. గదుల నిర్వహణ, నీటి పరీక్ష, ప్రథమ చికిత్స, మంటలు ఆర్పడం కలిపి కొద్ది రోజుల పాఠ్యక్రమాన్ని స్థానిక యువతకు, ఇప్పటికే పనిలో ఉన్నవారికి నేర్పడానికి ఈ వనరులు చాలు. శిక్షణ పొందినవారికి ధ్రువపత్రంతోపాటు వేతనంలో తేడా చూపించాలి. లేనిపక్షంలో నేర్చినవారు ఓడ ఎక్కి వెళ్ళిపోతారు, చీపురు మళ్ళీ కొత్తవారి చేతికి వస్తుంది.

మూడోది, ప్రమాదం జరిగిన నెలకు పరిమితమయ్యే ఆవేశాన్ని విడనాడడం. 2014 జనవరి 26న పోర్ట్‌బ్లెయిర్ సమీపంలో పరిమితికి మించి జనాన్ని ఎక్కించుకున్న పడవ మునిగి 21 మంది యాత్రికులు మరణించినప్పుడు దేశమంతా దీవుల వైపు చూసింది. సికింద్రాబాద్ దుర్ఘటన తరువాత భాగ్యనగరంలో తనిఖీల హడావిడి సాగింది. ఆరు నెలలు దాటిన కొద్ది రోజులకే, 2023 మార్చి 16న, అదే సికింద్రాబాద్‌లోని స్వప్నలోక్ సముదాయంలో మంటలు రేగి ఆరుగురు యువతీయువకులు ఊపిరాడక మరణించారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే మనకు విధానంగా మారిందనడానికి ఇంతకంటె తార్కాణం అక్కరలేదు.

పర్యాటకంపై ఆశలు పెట్టుకున్న ప్రాంతానికి ఒక్క దుర్ఘటన చాలు, ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న పేరు మట్టిలో కలవడానికి. మాయాబందర్‌లో ఇంకా రద్దీ పెరగలేదు, భవనాలు ఆకాశాన్ని అంటలేదు, తప్పులు కాంక్రీటుగా గట్టిపడలేదు. పెద్ద నగరాలు పోగొట్టుకున్న అవకాశం ఈ చిన్న పట్టణం చేతిలో ఇంకా మిగిలివున్నది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలు ఊరకే అనలేదు. ఇల్లు చక్కబెట్టే మనిషికి గౌరవం, జ్ఞానం, రక్షణ కల్పించడంతోనే ఆ పని ఆరంభం కావాలి.